చీర ఫోటో మీద భూతద్దం: అద్దం ఎందుకు జారుతోంది, పోగు ఎందుకు మసకబారుతోంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పోచంపల్లి ఇక్కత్ చీరలు అమ్మే సైట్ మీరే చేసుకుంటున్నారు. ఫోటో మీద మౌస్ పెడితే గుండ్రటి అద్దంలో అక్కడి నేత మూడింతలు పెద్దగా కనపడాలి. పేజీ మొదట్లో బాగానే పనిచేస్తోంది కానీ, కిందికి స్క్రోల్ చేస్తే అద్దం వేరే చోట తేలుతోంది. మధ్యమధ్యలో మినుకుమినుకుమంటోంది. ఫోటో అంచుల దగ్గర మౌస్ పెట్టిన చోటు కాకుండా పక్క చోటు చూపిస్తోంది. ఫోన్‌లో అసలు పనికిరావడం లేదు. అన్నిటికీ మించి, ఎంత పెద్దది చేసినా దారం కనపడడం లేదు, మసకగా ఉంది. ఏదైనా లైబ్రరీ (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్) వాడేయమంటారా అని చివర్లో అడిగారు.

లైబ్రరీ ఇప్పుడే వద్దు. మీ ఇబ్బందుల్లో మొదటి మూడూ కోడ్‌లో వచ్చిన చిన్న పొరపాట్లు. అవి సరిచేస్తే స్క్రిప్టు మొత్తం 40 లైన్లు దాటదు. చివరి ఇబ్బంది మాత్రం స్క్రిప్టుది కాదు, ఫోటోది. దాన్ని ఏ లైబ్రరీ కూడా తీర్చలేదు. అందుకే దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఇక్కడ పేర్లన్నీ పలికేటట్టే తెలుగులో రాస్తున్నాను, కోడ్‌లో మామూలు స్పెల్లింగ్‌తో టైప్ చేసుకోండి.

ముందు స్క్రోల్ సంగతి. మీరు మౌస్ ఎక్కడుందో పేజ్‌వై నుంచి తీసుకుంటున్నారు, ఫోటో ఎక్కడుందో గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ నుంచి తీసుకుంటున్నారు. మొదటిది పేజీ మొదలు నుంచి కొలుస్తుంది. రెండోది తెర మీద ఇప్పుడు కనపడుతున్న భాగం పై అంచు నుంచి కొలుస్తుంది. స్క్రోల్ సున్నా ఉన్నంతసేపు రెండూ ఒకటే కాబట్టి తప్పు బయటపడదు. 600 పిక్సెళ్లు కిందికి జరిపితే అద్దం సరిగ్గా 600 పిక్సెళ్లు తప్పుతుంది. ఒకరు ఊరి పొలిమేర నుంచి, ఇంకొకరు ఇంటి గుమ్మం నుంచి అడుగులు లెక్కపెట్టి, ఆ రెండు లెక్కలూ తీసివేసినట్టు ఉంటుంది. పేజ్‌ఎక్స్, పేజ్‌వై తీసేసి క్లయింట్‌ఎక్స్, క్లయింట్‌వై పెట్టండి. రెక్ట్ (గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ ఇచ్చే కొలత) కూడా అదే మొదలు నుంచి కొలుస్తుంది కాబట్టి స్క్రోల్ ఎంతున్నా లెక్క చెడదు.

కొంతమంది ఆఫ్‌సెట్‌టాప్, ఆఫ్‌సెట్‌లెఫ్ట్ వాడమని చెప్తారు. అవి పేజీ నుంచి కొలవవు. పైన పొజిషన్ పెట్టిన పెట్టె ఏది దగ్గరుంటే దాన్నుంచి కొలుస్తాయి. రేపు మీరు ఫోటో చుట్టూ ఇంకో డివ్ పెట్టి దానికి పొజిషన్ రిలేటివ్ ఇస్తే అంకెలన్నీ మారిపోతాయి. ఈ పనికి వాటి జోలికి వెళ్లకండి. రెక్ట్‌ను కూడా పేజీ లోడైనప్పుడు ఒక్కసారి కొలిచి దాచుకోవద్దు. పైన బ్యానర్ ఆలస్యంగా లోడైతే ఫోటో కిందికి జరుగుతుంది, మీ దగ్గరున్న అంకె పాతదే ఉంటుంది. మౌస్ కదిలినప్పుడల్లా కొలవండి. ఒక్క బొమ్మకు అదేమీ భారం కాదు.

ఇప్పుడు అసలు లెక్క. ఫోటో పేజీలో 480 వెడల్పు, 640 ఎత్తుతో కనపడుతోందనుకోండి. అద్దం వెడల్పు, ఎత్తు 180. పెంపు 3. అద్దం లోపల అదే ఫోటోను పెంచి బ్యాక్‌గ్రౌండ్‌గా పెడతాం, దాని సైజు 1440, 1920 అవుతుంది. మౌస్ ఫోటో ఎడమ అంచు నుంచి 120, పై అంచు నుంచి 200 దగ్గర ఉంది. పెంచిన బొమ్మలో ఆ చోటు 360, 600 దగ్గరికి వెళ్తుంది. ఆ చోటు అద్దం నడిమధ్యకు రావాలి, అద్దం నడిమధ్య 90 దగ్గర ఉంది. కాబట్టి బొమ్మను ఎడమకు 270, పైకి 510 లాగాలి. లెక్క ఇలా రాసుకోండి:

ఎక్స్ = క్లయింట్‌ఎక్స్ − రెక్ట్ ఎడమ
వై = క్లయింట్‌వై − రెక్ట్ పైన
బ్యాక్‌గ్రౌండ్ అడ్డంగా = సగం అద్దం − (ఎక్స్ × పెంపు)
బ్యాక్‌గ్రౌండ్ నిలువుగా = సగం అద్దం − (వై × పెంపు)

మొత్తం భూతద్దం ఈ నాలుగు లైన్లే. అద్దాన్ని మౌస్ దగ్గరికి జరపడం వేరే పని: అద్దం ఎడమ అంచు ఎక్స్ నుంచి సగం అద్దం తీసేసినంత, పై అంచు కూడా అలాగే.

మీ అంచుల ఇబ్బంది ఇక్కడే పుట్టింది. మీరు బ్యాక్‌గ్రౌండ్ పొజిషన్‌ను శాతాల్లో ఇచ్చారు. మౌస్ ఫోటోలో 25 శాతం దగ్గర ఉంటే పొజిషన్ కూడా 25 శాతం. చూడ్డానికి సబబుగానే ఉంటుంది, కానీ సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపం చెప్పే భాషలో) ఆ శాతానికి అర్థం వేరు. 25 శాతం అంటే బొమ్మలోని 25 శాతం చోటు, పెట్టెలోని 25 శాతం చోటుతో కలుస్తుంది. పెట్టె మధ్యతో కాదు. కాబట్టి మౌస్ ఫోటో నడుమ ఉన్నప్పుడు మాత్రమే అద్దం నిజం చెప్తుంది. మౌస్ ఎడమ అంచున ఉంటే అద్దం మధ్యలో పెంచిన బొమ్మలోని 90వ పిక్సెల్ కనపడుతుంది, అంటే అసలు ఫోటోలో 30 పిక్సెళ్లు పక్కకు తప్పింది. మీరు చూసిన తేడా అదే.

శాతాల పద్ధతి పనికిరానిదేమీ కాదు. ఫోటో పక్కన పెద్ద చతురస్రపు కిటికీ పెట్టి అందులో పెంచిన భాగం చూపించేటప్పుడు అదే మంచిది. మౌస్ మూలకు వెళ్తే కిటికీలో కూడా సరిగ్గా మూల వస్తుంది, ఖాళీ తెలుపు కనపడదు. మౌస్‌తో పాటు తిరిగే గుండ్రటి అద్దానికి మాత్రం పిక్సెళ్ల లెక్కే వాడాలి. ఆ లెక్కలో అంచున అద్దం సగం ఖాళీగా కనపడుతుంది, దాన్ని తప్పు అనుకోకండి. చేతిలో పట్టుకున్న భూతద్దం కూడా చీర అంచు దాటితే కింద బల్లనే చూపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ రిపీట్ ఆపి, అద్దానికి తెల్ల రంగు ఇస్తే చాలు.

ఇంకో చిన్న తప్పు చాలామందికి చాలా సమయం తినేస్తుంది. అద్దానికి 3 పిక్సెళ్ల బోర్డర్ పెట్టి, బాక్స్ సైజింగ్ బోర్డర్ బాక్స్ ఉంటే, అంటే బోర్డర్‌ను కూడా కొలతలోనే కలిపితే, లోపలి చోటు 180 కాదు, 174 మాత్రమే. బ్యాక్‌గ్రౌండ్ బోర్డర్ లోపలి నుంచి మొదలవుతుంది కాబట్టి సగం అద్దం అంటే 87 తీసుకోవాలి. 90 తీసుకుంటే ఎప్పుడూ 3 పిక్సెళ్లు తేడా వస్తుంది. పెద్దగా తప్పినట్టు తెలియదు, కానీ ఏదో సరిపోలేదని కంటికి తడుతూనే ఉంటుంది. నేను బోర్డర్ మానేసి బాక్స్ షాడోతో అంచు గీస్తాను. అది కొలతలో కలవదు.

మినుకుమినుకుమనడానికి కారణం: అద్దం మౌస్ కిందికి రాగానే బ్రౌజర్ దృష్టిలో మౌస్ ఇప్పుడు అద్దం మీద ఉంది, ఫోటో మీద లేదు. ఫోటో నుంచి మౌస్ వెళ్లిపోయిందనే ఈవెంట్ వస్తుంది, మీ కోడ్ అద్దాన్ని దాచేస్తుంది. అద్దం పోగానే మౌస్ మళ్లీ ఫోటో మీదికి వచ్చినట్టు. మళ్లీ అద్దం. ఇలా సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. అద్దం స్టైల్‌లో పాయింటర్ ఈవెంట్స్ నన్ అని ఒక్క లైన్ పెట్టండి. అప్పుడు మౌస్‌కు అద్దం కంటికి కనిపించే పొర మాత్రమే, చేతికి తగలదు. ఆఫ్‌సెట్‌ఎక్స్ వాడేవాళ్లకు ఇదే కారణంతో అంకెలు ఒక్కసారిగా గెంతుతాయి. ఎందుకంటే అది ఏ వస్తువు మీద ఈవెంట్ పుట్టిందో దాని నుంచి కొలుస్తుంది.

మీ కోడ్‌లో ఇంకా బయటపడని తప్పు ఒకటి ఉంది. ఫోటో పెట్టెకు ఆబ్జెక్ట్ ఫిట్ కంటెయిన్ పెట్టారు, అంటే ఫోటో తెగకుండా మొత్తం పెట్టెలో పట్టేలా కుదించమని. ఇప్పుడు మీ ఫోటోలన్నీ నిలువువే కాబట్టి పెట్టె నిండా సరిపోతున్నాయి. ఒక్క అడ్డం ఫోటో పెట్టి చూడండి. 4000 వెడల్పు, 3000 ఎత్తు ఫోటో 480, 640 పెట్టెలో పడితే 480, 360 సైజుకు కుదించుకుపోతుంది. పైన 140, కింద 140 ఖాళీ ఉంటుంది. రెక్ట్ మాత్రం పెట్టె కొలతే ఇస్తుంది, లోపలి బొమ్మది కాదు. వై 200 అని వస్తే బొమ్మలో నిజంగా ఉన్నది 60 దగ్గర. కాబట్టి పెట్టె వెడల్పును ఫోటో అసలు వెడల్పుతో, పెట్టె ఎత్తును ఫోటో అసలు ఎత్తుతో భాగించి, రెండిట్లో చిన్నది తీసుకోండి. అది కుదింపు. దాంతో బొమ్మ నిజమైన వెడల్పు, ఎత్తు వస్తాయి. పెట్టెలోంచి వాటిని తీసేసి సగం చేస్తే ఖాళీ ఎంతో తెలుస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ లెక్కలో ఆ ఖాళీని ఎక్స్, వై నుంచి తీసేయాలి. బ్యాక్‌గ్రౌండ్ సైజు కూడా పెట్టె కొలతను కాదు, ఈ నిజమైన కొలతను పెంచి ఇవ్వాలి. ఆబ్జెక్ట్ ఫిట్ కవర్ (అంచులు తెగినా పెట్టె నిండాలి అనేది) అయితే చిన్నదానికి బదులు పెద్దది తీసుకోండి, ఖాళీ మైనస్‌లో వస్తుంది, మిగతా లెక్క అదే.

అద్దాన్ని ఎక్కడ ఉంచాలనేది కూడా చెప్పాలి. ఫోటోలు స్లైడర్‌లో ఉంటే అద్దానికి పొజిషన్ ఫిక్స్‌డ్ పెట్టకండి. స్లైడర్ పట్టీకి ట్రాన్స్‌ఫార్మ్ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మ్ ఉన్న పెట్టె లోపల ఫిక్స్‌డ్ అంటే తెర నుంచి కాదు, ఆ పెట్టె నుంచి అని అర్థం మారిపోతుంది. ఫోటో చుట్టూ ఒక డివ్, దానికి రిలేటివ్, అద్దానికి అబ్సల్యూట్. అంతే.

ఇవన్నీ సరిచేశాక నిజంగా సరైందో లేదో చీర ఫోటోతో పరీక్షించకండి. ఇక్కత్‌లో ఒకే చుక్క, ఒకే గళ్లు మళ్లీ మళ్లీ వస్తాయి, పక్క చుక్క చూపించినా కన్ను పట్టుకోలేదు. గ్రాఫ్ కాగితంలా గళ్లు గీసి ప్రతి గడిలో ఒక అంకె రాసిన బొమ్మ తయారుచేయండి. అద్దం మధ్యలో సన్నటి ప్లస్ గుర్తు పెట్టండి. మౌస్‌ను నాలుగు మూలల్లో, నడుమ ఒకసారి పెట్టి, ప్లస్ కింద ఉన్న అంకె, మౌస్ కింద ఉన్న అంకె ఒకటేనా అని చూడండి. తర్వాత పేజీ స్క్రోల్ చేసి, బ్రౌజర్ జూమ్ 125 శాతం చేసి మళ్లీ చూడండి. నేను ఇప్పటికీ ప్రతి సైట్‌కూ ఈ పరీక్ష చేస్తాను. అయిదు నిమిషాల పని, తర్వాత రోజులు మిగులుతాయి.

ఇక మసక సంగతికొద్దాం.

భూతద్దం పెట్టడమంటే కొనేవాళ్లకు ఒక మాట ఇవ్వడం: దగ్గరికి వచ్చి చూడండి, దాచేదేమీ లేదు అని. ఇక్కత్ విషయంలో ఆ మాటకు ఇంకా బరువుంది. పడుగు, పేక పోగులను నేయకముందే కట్టి రంగుల్లో ముంచుతారు కాబట్టి, డిజైన్ అంచు కత్తిరించినట్టు ఉండదు. రంగు పోగు వెంట కొద్దిగా పాకినట్టు, ఈకలా ఉంటుంది. ఇక్కత్‌లా కనపడే ప్రింట్ చీరలో ఆ అంచు గీత గీసినట్టు ఉంటుంది, వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది. తెలిసినవాళ్లు జూమ్ చేసి చూసేది ఆ అంచునే. అక్కడ మన అద్దం మసకమసకగా ఒక ముద్ద చూపిస్తే, నేసినవాళ్ల పనికి అన్యాయం జరిగినట్టే.

ఎంతవరకు పెంచవచ్చో లెక్క సులువు. ఫోటో అసలు వెడల్పును, తెర మీద కనపడే వెడల్పును డివైస్ పిక్సెల్ రేషియోతో (పేజీ కొలతలోని ఒక పిక్సెల్ వెడల్పులో తెర మీద నిజంగా ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చెప్పే అంకెతో) గుణించిన దానితో భాగించండి. మీ పెద్ద ఫోటో 3000 వెడల్పు ఉండి పేజీలో 480గా కనపడితే, మామూలు మానిటర్ మీద 6.25 రెట్లు పెంచవచ్చు. రేషియో 2 ఉన్న ల్యాప్‌టాప్ మీద 3.1 రెట్లు. రేషియో 3 ఉన్న ఫోన్‌లో 360 వెడల్పుతో కనపడితే 2.8 రెట్లు. అంతకు మించితే బ్రౌజర్ ఉన్న పిక్సెళ్లను సాగదీస్తుంది, కొత్త వివరం రాదు. మీరు ఇప్పుడు అద్దంలో వాడుతున్న ఫోటో 1000 వెడల్పే. రేషియో 2 ఉన్న తెర మీద 480 వెడల్పుకు దానిలో పిక్సెళ్లు సరిగ్గా సరిపోయాయి, పెంచడానికి మిగిలిందేమీ లేదు. మీరు మూడింతలు అడుగుతున్నారు. మసక రాక తప్పదు.

అందుకే పెంపును 3 అని కోడ్‌లో గట్టిగా రాసేయకండి. ఫోటో అసలు వెడల్పు, డివైస్ రేషియో చూసి పరిమితి లెక్కగట్టి, 3, ఆ పరిమితి, రెండిట్లో చిన్నది వాడండి. పరిమితి ఒకటిన్నర కంటే తక్కువ వస్తే ఆ ఫోటోకు అద్దం పెట్టకపోవడమే మర్యాద.

ఇది నేను అనుభవంతో చెప్తున్నాను. కొన్నేళ్ల కిందట ఒక పట్టుచీరల దుకాణం సైట్‌కు అయిదింతల జూమ్ పెట్టాం. ఫోటోలు చిన్నవి. జరీ అంచు అద్దంలో మెత్తగా, పొగమంచులో ఉన్నట్టు కనపడేది. దూరదేశంలో ఉన్న ఒకావిడ పెళ్లికోసం తెప్పించుకుని, జరీ తాను జూమ్‌లో చూసినట్టు లేదని వెనక్కి పంపారు. చీరలో లోపం లేదు. మేం చూపించిన బొమ్మలో ఉంది. ఆ తర్వాత నుంచి పరిమితి లెక్క వేయకుండా నేను అద్దం పెట్టలేదు.

3000 వెడల్పు ఫోటో పెట్టినా పోగు కనపడుతుందా? దీన్ని కూడా లెక్కే చెప్తుంది. చీర పన్నా 45 అంగుళాలు అనుకుందాం. పన్నా మొత్తం ఫోటోలో పడితే అంగుళానికి దాదాపు 67 పిక్సెళ్లు వస్తాయి. బట్టలో అంగుళానికి 70 పోగులు ఉన్నాయనుకుంటే ఒక్కో పోగుకు ఒక పిక్సెల్ కూడా దక్కలేదు. ఎంత పెంచినా పోగు కనపడదు, ఎందుకంటే అది ఫోటోలోనే లేదు. పైగా పోగుల వరస, పిక్సెళ్ల వరస దాదాపు ఒకే దూరంలో ఉంటే చీరలో లేని అలలు ఫోటోలో పుడతాయి. మ్వారే అంటారు, చీర మీద నీళ్ల చారల్లా కనపడతాయి. అదే 6 అంగుళాల ముక్కను దగ్గరగా తీస్తే అంగుళానికి 500 పిక్సెళ్లు, పోగుకు ఏడు. అప్పుడు పాకిన రంగు, మెలి, అన్నీ కనపడతాయి.

కాబట్టి ప్రతి చీరకూ మొత్తం ఫోటోతో పాటు అంచు, ఒళ్లు, పల్లు దగ్గరగా తీసిన మూడు ఫోటోలు పెట్టండి, వాటికీ అద్దం ఇవ్వండి. మొత్తం ఫోటో మీద అద్దం డిజైన్ చూడడానికి, దగ్గరి ఫోటో మీద అద్దం నేత చూడడానికి. మీరు కోడ్ మీద పెట్టే సమయంలో సగం ఈ ఫోటోల మీద పెట్టండి. కిటికీ పక్కన పగటి వెలుతురు, కదలని స్టాండు ఉంటే చాలు.

ఫోటో దాచే పద్ధతి కూడా చూడాలి. జేపెగ్‌లో రంగు వివరాన్ని తగ్గించి దాచడం మామూలు. నాలుగు-రెండు-సున్నా అనే పద్ధతిలో వెలుగునీడలు ప్రతి పిక్సెల్‌కూ ఉంటాయి, రంగు మాత్రం రెండు బై రెండు గడికి, అంటే నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే ఉంటుంది. మనుషుల ఫోటోల్లో అది తెలియదు. ఎర్ర నేల మీద తెల్ల చుక్క, నల్ల నేల మీద ఎర్ర గీత ఉన్న ఇక్కత్‌లో ఎరుపు పక్కకు కారినట్టు కనపడుతుంది. అసలు పోగులో పాకిన రంగేది, ఫైల్ కుదింపులో కారిన రంగేది అని చూసేవాళ్లకు తేడా తెలియదు. దగ్గరి ఫోటోలను నాలుగు-నాలుగు-నాలుగుతో (రంగు కూడా ప్రతి పిక్సెల్‌కూ ఉండే పద్ధతితో) సేవ్ చేయండి, చాలా టూల్స్‌లో క్రోమా సబ్‌శాంప్లింగ్ అనే సెట్టింగ్ ఉంటుంది. ఫైల్ కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. నష్టంతో కుదించే వెబ్‌పీ అనే ఫోటో ఫార్మాట్‌లో ఈ సౌకర్యం లేదు, ఎప్పుడూ నాలుగు-రెండు-సున్నాయే. ఏవీఐఎఫ్ అనే ఇంకో ఫార్మాట్‌లో ఉంది. పేజీలో కనపడే చిన్న ఫోటోకు వెబ్‌పీ నిక్షేపంగా వాడుకోండి, అద్దంలోని పెద్ద ఫోటోకు వద్దు.

పెద్ద ఫోటోను పేజీతో పాటే లోడ్ చేయకూడదు. చాలా చీరల మీద ఎవరూ అద్దం పెట్టి చూడరు, పేజీకి వచ్చినవాళ్ల డేటా ఎందుకు ఖర్చుచేయాలి? మౌస్ ఫోటో మీదికి వచ్చినప్పుడు కొత్త ఇమేజ్ ఆబ్జెక్ట్ చేసి పెద్ద ఫోటో తెప్పించండి. డీకోడ్ అనే ఫంక్షన్ పిలిస్తే బొమ్మ గీయడానికి సిద్ధమయ్యాక దాని ప్రామిస్ తీరుతుంది, అంటే పని అయిందని కోడ్‌కు కబురు వస్తుంది. అంతవరకూ అద్దంలో చిన్న ఫోటోనే చూపించి, తీరగానే బ్యాక్‌గ్రౌండ్ మార్చండి. ఖాళీ అద్దం చూపించి ఎదురుచూపించడం కంటే ఇది ఎంతో నయం. అప్పటికి మౌస్ వెళ్లిపోయి ఇంకో ఫోటో మీద ఉండవచ్చు, ఏ ఫోటో కోసం తెప్పించామో సరిచూసుకుని మార్చండి.

మెమరీ సంగతి కూడా మనసులో ఉంచుకోండి. ఫైల్ రెండు ఎంబీ ఉన్నా, విప్పాక ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్లు పడతాయి. 3000, 4000 ఫోటో 48 ఎంబీ అవుతుంది. 6000, 8000 అయితే 192 ఎంబీ. తక్కువ మెమరీ ఉన్న ఫోన్‌లో ట్యాబ్ మూతపడడానికి ఇది చాలు.   3000 వెడల్పు దగ్గర ఆగండి.

కదలిక నునుపుగా ఉండాలంటే పాయింటర్‌మూవ్‌లో అంకెలు మాత్రం దాచుకుని, రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్‌లో (తెర మళ్లీ గీసే ముందు బ్రౌజర్ పిలిచే చోట) ఒక్కసారి స్టైల్ మార్చండి. మౌస్ ఈవెంట్లు తెర గీసే వేగం కంటే ఎక్కువ రావచ్చు, ప్రతిదానికీ గీయడం దండగ. అద్దాన్ని జరపడానికి లెఫ్ట్, టాప్ బదులు ట్రాన్స్‌ఫార్మ్ ట్రాన్స్‌లేట్ వాడండి. అద్దం స్థానానికి ట్రాన్సిషన్ మాత్రం పెట్టొద్దు. అందంగా జారుతుందని పెడతారు, కానీ చేయి ఒకచోట, చూపు ఒకచోట అయి తల తిరిగినట్టు ఉంటుంది.

ఫోన్‌కు వస్తే, అక్కడ గుండ్రటి అద్దం వద్దనేదే నా అభిప్రాయం. చూడాలనుకున్న చోటును వేలే కప్పేస్తుంది. అద్దాన్ని వేలికి 100 పిక్సెళ్లు పైన పెట్టొచ్చు, కానీ అసలు చిక్కు వేరే ఉంది. వేలు కదిపితే అది అద్దం కోసమా, పేజీ స్క్రోల్ కోసమా? అద్దం పనిచేయాలంటే ఫోటోకు టచ్ యాక్షన్ నన్ పెట్టాలి, అంటే అక్కడ వేలితో స్క్రోల్ చేయడం ఆపేయాలి. ఫోన్‌లో ఫోటో తెర మొత్తం ఉంటుంది కాబట్టి, అప్పుడు వేలు ఎక్కడ పెట్టినా పేజీ కదలదు. ధర చూద్దామని కిందికి జరపబోయినవాళ్లు అక్కడే ఇరుక్కుంటారు. మీ పేజీలో జరుగుతున్నది అదే.

దానికి బదులు ఇలా చేయండి. మౌస్ ఉన్న తెరలకే అద్దం: హోవర్ హోవర్, పాయింటర్ ఫైన్ అనే మీడియా క్వెరీ (ఎలాంటి తెరో చూసి స్టైల్ ఇచ్చే షరతు) అందుకే ఉంది. ఒకే ల్యాప్‌టాప్‌కు టచ్, మౌస్ రెండూ ఉండొచ్చు కాబట్టి, కోడ్‌లో ఈవెంట్ పాయింటర్‌టైప్ మౌస్ అయితేనే అద్దం చూపించండి. వేలు తాకితే డైలాగ్ ట్యాగ్‌ను (పేజీ మీద తెరుచుకునే పెట్టెను) షోమోడల్ అనే ఫంక్షన్‌తో తెర నిండా తెరవండి. లోపల ఒక పెట్టె, దానికి ఓవర్‌ఫ్లో ఆటో, అందులో పెద్ద ఫోటో, తెర వెడల్పుకు మూడింతలు లేదా పైన చెప్పిన పరిమితి, ఏది తక్కువైతే అది. వేలితో అటూ ఇటూ జరపడం బ్రౌజరే చూసుకుంటుంది, ఒక్క లైన్ స్క్రిప్టు అక్కర్లేదు. తెరవగానే మూల కాకుండా తాకిన చోటే మధ్యలో కనపడాలి కదా, దానికి లెక్క:

స్క్రోల్‌లెఫ్ట్ = (ఎక్స్ × పెంపు) − సగం తెర

నిలువుకూ ఇంతే. పైన అద్దానికి రాసిన లెక్కే ఇది, అద్దం స్థానంలో తెర వచ్చింది, గుర్తు తిరగబడింది, అంతే. రెండు వేళ్లతో పెంచడం ఇంకా బాగుంటుంది కానీ మొదటి విడతకు ఇది చాలు. వ్యూపోర్ట్ మెటాలో యూజర్ స్కేలబుల్ నో అని ఉంటే తీసేయండి. చూపు సరిగా లేనివాళ్లు పేజీ పెద్దది చేసుకునే దారిని ఆ మాట మూసేస్తుంది. ఐఫోన్ సఫారీ ఎలాగూ ఆ మాట వినదు, ఆండ్రాయిడ్‌లో మాత్రం దారి మూసుకుపోతుంది.

ఆ డైలాగ్ తెరవడానికి ఫోటో కింద "పెద్దగా చూడండి" అని నిజమైన బటన్ కూడా పెట్టండి. కీబోర్డుతోనే తిరిగేవాళ్లకు హోవర్ ఎప్పటికీ అందదు. బటన్ ఉంటే ట్యాబ్‌తో వచ్చి ఎంటర్ కొడతారు, ఎస్కేప్‌తో మూస్తారు. మూయడం, ఫోకస్ లోపలే ఉంచడం షోమోడల్ తనంతట తాను చేస్తుంది. ఫోటో ఆల్ట్‌లో (బొమ్మ చూడలేనివాళ్లకు వినిపించే వివరణలో) "చీర" అని వదిలేయకుండా రంగు, డిజైన్, అంచు ఏమిటో ఒక వాక్యం రాయండి.

లైబ్రరీ ఎప్పుడు కావాలంటే, ఫోటో పదివేల పిక్సెళ్ల వెడల్పు దాటినప్పుడు. పాత మ్యాపులు, తాళపత్రాల స్కాన్లు, పెద్ద కలంకారీ తెరలు లాంటివి. అలాంటివాటిని చిన్న చిన్న పలకలుగా కోసి, కనపడుతున్న పలకలనే తెప్పించాలి. ఓపెన్‌సీడ్రాగన్ ఆ పని చక్కగా చేస్తుంది, ఉచితం, మూలం తెరిచే ఉంటుంది. ఒక చీర ఫోటోకు అంత అక్కర్లేదు.

ఈ రోజు క్లయింట్‌వై మార్చి, పాయింటర్ ఈవెంట్స్ లైన్ పెట్టి, శాతాలు తీసేసి, అంకెల గళ్ల బొమ్మతో అయిదు చోట్లా చూడండి. అంకెలు కలిస్తే కోడ్ పని అయినట్టే. తర్వాత కెమెరా తీసుకుని ఒక్క చీర పల్లులో ఆరు అంగుళాల ముక్క ఫోటో వెడల్పు అంతా పట్టేట్టు తీసి అదే అద్దం కింద పెట్టండి. ఎరుపు తెలుపులోకి ఏ పోగు వెంట పాకిందో కనపడుతుంది.